పందొమ్మిదో నిమిషం

మా లైబ్రరీలో పాత పటాల గది తలుపు మూస్తే
గాలి వినపడదు.
షెట్లాండ్ దీవుల్లో అది చిన్న విషయం కాదు.
మైకు అక్కడే బిగించాను.
ఓస్లా ఇస్బిస్టర్ రానంది.
"మాట కావాలంటే మాట ఉన్న చోటికి రావాలి."
తొంభై ఒక్క ఏళ్లు.
మోకాళ్లు వంగవు, మనిషీ అంతే.

ఆమె వంటింట్లో రికార్డర్‌ని
చక్కెర డబ్బాకి ఆనించాను.
ఎర్ర దీపం కేసి చూసి
"ఇది వింటోందా, కాపలా కాస్తోందా?" అంది.

ఆ తర్వాత ఆపలేదు.
పదిహేనో ఏట ఎక్కిన ఓడ,
హెర్రింగ్ చేపల మంద వెనకాలే
రేవు తర్వాత రేవు.
వేళ్లకి చుట్టుకున్న పిండిసంచి పీలికలు,
పీలిక జారితే కత్తి, కత్తి తగిలితే ఉప్పు,
ఉప్పు దిగితే
తెల్లవార్లూ చేతిని ఎత్తిపట్టుకుని పడుకోవడం.
ఇద్దరు కోస్తే ఒకరు పేర్చాలి.
పేర్చేది మీమా. పొట్టిది.
పీపా అడుగు అందాలంటే తలకిందులుగా వంగేది,
బయటికి రెండు బూట్లే కనిపించేవి.

చెబుతుండగా చేతులు కదిలాయి.
ఎడమ చెయ్యి దేన్నో పట్టుకుంది,
కుడి చెయ్యి ఒక్క మెలిక.
బల్ల మీద బిస్కెట్లు తప్ప ఏమీ లేవు.
నా ఫారంలో గడులున్నాయి: భాష, తేదీ, నిడివి.
చేతులకి గడి లేదు.

"ఓసారి మా ముగ్గురి పేర్లూ
చెక్కముక్క మీద కత్తితో గీకి
చేపల మధ్య పడేసింది మీమా.
పీపా బాల్టిక్ వైపు పోయింది."
జవాబు వచ్చిందా అన్నాను.
"చేప తిన్నవాడు ఉత్తరం రాస్తాడా?"

పందొమ్మిదో నిమిషంలో తలుపు భళ్లున తెరుచుకుంది.
గాలి, బూట్లు,
పొయ్యి పక్కన పీట్ గడ్డల బకెట్టు దించిన చప్పుడు,
ఒక దగ్గు.
ఆమె ఏదో కసిరింది. తలుపు మూసుకుంది.

చివర్లో సంతకం. ఎవరెవరు వినొచ్చు?
"మూత బిగించాక
ఎవరు తెరుస్తారో మనకెందుకు?
అందరూ అని రాసుకో."

ఆ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను.
ఫ్రిజ్ రొద తీసేశాను, కెటిల్ ఈల తీసేశాను,
దగ్గునీ తీసేశాను.
ఉతికి ఆరేసినట్టుంది గొంతు.
నన్ను నేనే మెచ్చుకున్నాను.
ఇంటర్నెట్‌లో పెట్టిన నెలకి పదకొండుసార్లు విన్నారు.
అందులో నాలుగు నేనే.

శరదృతువులో ఓస్లా పోయింది.
జనవరిలో పొరుగింటి మాగ్నీ.

ఏప్రిల్‌లో ఒక ఉత్తరం,
చేపల ట్రాలర్‌లో వంటపని చేసే అమ్మాయి రాసింది:
"రికార్డింగులో ఓస్లా తనని తిట్టిందని
నాన్న చెప్పుకుని నవ్వేవాడు.
మొత్తం విన్నాను. రెండుసార్లు. ఎక్కడా లేదు.
ఫోటోలు మాకు చాలా ఉన్నాయి.
చప్పుడే ఒక్కటీ లేదు.
మాట కాకపోయినా ఫరవాలేదు."

చదివి, నా చేతులకేసి చూసుకున్నాను.
కోసి పారేయడంలో నేనూ చురుకే.

సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద,
"అయిపోయినవి" అని నేనే రాసిన కవర్లో
దొరికింది పాత కార్డు.
తొమ్మిది సెకన్లు.
కడగకుండా, తుడవకుండా
రొదతో, ఈలతో, ఉప్పుతో సహా
మళ్లీ ఎక్కించాను.
ఫారం అడుగున పెన్నుతో ఒక గడి గీశాను:
గదిలో ఇంకా ఎవరున్నారు?

ఇప్పుడు మీరూ వినొచ్చు. పందొమ్మిదో నిమిషం.
తలుపు. గాలి. బకెట్టు.
"మాగ్నీ, తలుపెయ్యి! నేను చరిత్ర చెబుతున్నా."
"చెప్పు, చెప్పు," అని గొణిగి,
అతను దగ్గుతాడు.